బంతిగుడ్డ

కార్తీకమాసంలో రెండో ఆదివారం సాంబమూర్తి ఇంట్లో మగ్గం ఆడదు. కోడి కూయకముందే పొయ్యి రాజుకుంటుంది. పులిహోరకి చింతపండు రసం ఉడుకుతూ ఉంటుంది. పనసపొట్టు కూరలోకి ఆవాలు నూరుతూ ఉంటారు. పుల్లయ్య బండి కట్టి వీధిలో నిలబెట్టి, ఎడ్ల మెడలు నిమురుతూ, "ఎండెక్కుతోందమ్మగారూ" అని కేకేస్తూ ఉంటాడు. అప్పటికింకా ఆకాశంలో చుక్కలు ఉంటాయి.

ఆ ఏడూ అంతా అలాగే జరిగింది. ఒక్కటే తేడా. సాంబమూర్తి భార్య రాఘవమ్మ అటక మీంచి బంతిగుడ్డ దించలేదు.

గిన్నెలు ఎక్కాయి. అరిటాకుల కట్ట ఎక్కింది. కోడలు గంగారత్నం రేకు పెట్టె కూడా ఎక్కింది. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. గంగారత్నం తన మూడేళ్ళ కొడుకుని ఎత్తుకుని ఎక్కి ఓ మూల కూచుంది. ఆ పిల్లాడి పేరు పెద్దబ్బాయి. ముత్తాత పేరు పెట్టారు. ఇంట్లో అందరికన్నా చిన్నవాణ్ణి పట్టుకుని "పెద్దబ్బాయీ, ముక్కు చీదుకోరా" అంటుంటే కొత్తవాళ్ళు నవ్వేవారు.

రాఘవమ్మ అత్తగారు చౌడేశ్వరమ్మ మాత్రం బండి ఎక్కలేదు. కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏవే రాఘవా, గుడ్డ ఏది?"

"చాపలు పెట్టానత్తయ్యా."

"నేనడిగింది చాపలా?"

రాఘవమ్మ చద్దిమూట ముడి విప్పి మళ్ళీ వేసింది.

"నా కళ్ళకి మసక గానీ నా బుర్రకి కాదు. చాపల మీద కూచుని తినడానికి తోట దాకా ఎందుకు, వీధరుగు చాలదూ? నేను రాను. పోండి."

సాంబమూర్తి ముక్కుపొడుం పీల్చాడు. ఎవరివైపూ చూడకుండా లోపలికి వెళ్ళాడు. అటక మీద నిచ్చెన వేసిన చప్పుడైంది. కాసేపటికి బంతిగుడ్డ చుట్టను బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చి, బండిలో భార్య ఒడి పక్కన పెట్టాడు.

"పద పుల్లయ్యా," అన్నాడు.

బంతిగుడ్డ సంగతి ఆ ఇంటివాళ్ళకే కాదు, బెజవాడ పాతబజారులో సగంమందికి తెలుసు. ముతక నూలు, తెలుపు, రెండువైపులా ఎర్రంచు. సాంబమూర్తి తాతమ్మ నేసిందంటారు. మగ్గం మీంచి కోసేటప్పుడు కొసన పోగులు నేయకుండా వదిలేసింది, ముందు ముందు అతుక్కోవడానికి. ఇంట్లో ఎవరైనా పుడితే, ఎవరైనా కోడలై మెట్టితే, ఇంటి ఇల్లాలు ఆ కొస పోగుల్లో రెండు తీసి ముడివేస్తుంది. కార్తీకంలో వనభోజనాల బంతికి గుడ్డ పరిస్తే ఒక మనిషి కూచునేంత పెరిగి ఉంటుంది. ఎవరైనా పోతే అంత తగ్గి ఉంటుంది. ఎక్కువా రాదు, తక్కువా రాదు. సాంబమూర్తి చెల్లెలు రావమ్మకి కవలలు పుట్టిన ఏడు గుడ్డ మరీ పెరిగి, కొస పోయి బురదలో పడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. చుట్టి ఉన్నప్పుడు మటుకు ఎప్పుడూ ఒకే లావు. ఎంత తడిమి చూసినా ఏమీ తెలీదు. రాఘవమ్మ తడిమి చూసింది.

ఆవిడకి సత్యం ఒక్కడే కొడుకు. యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మగ్గాలు మూలపడితే, లారీ తోలడం నేర్చుకుని పట్టాళంలో చేరాడు. బర్మా వైపు పంపారు. అప్పటికి గంగారత్నానికి నెల తప్పింది. కొన్నాళ్ళు ఉత్తరాలొచ్చాయి. తర్వాత మానేశాయి. మొన్న శ్రావణంలో యుద్ధం అయిపోయిందన్నారు. వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే బెజవాడ స్టేషన్లో దిగుతున్నారు. సత్యం దిగలేదు. పోయాడని ఎవరూ చెప్పలేదు. ఉన్నాడని కూడా ఎవరూ చెప్పలేదు.

నిరుడు గుడ్డ మీద వాడి చోటు ఉంది. ఆకు వేసి అన్నీ వడ్డించారు. రాలేనివాళ్ళ ఆకు చివర్లో ఎడ్లకి పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. ఎడ్లకి పెట్టారు. ఏడాది గడిచింది.

చవితి పండక్కి గంగారత్నం తండ్రి ఎల్లారావు పెడన నుంచి వచ్చాడు. మంచివాడే. కూతురి మొహం చూసి కంటతడి పెట్టుకున్నాడు.

"వదినగారూ, కార్తీకం దాకా చూద్దాం," అన్నాడు. "గుడ్డ మీద మా అల్లుడి చోటుంటే పిల్ల మీది. లేకపోతే నేను తీసుకుపోతాను. దానికింకా ఇరవయ్యేళ్ళు నిండలేదు. ఏదో దారి చూస్తాను. పిల్లాడు మీ వంశం వాడు, వాణ్ణి అడగను."

"సరేనండీ," అంది రాఘవమ్మ. అంతకన్నా ఏమంటుంది?

అందుకే ఆ రేకు పెట్టె.

*

ఉప్పులూరు దగ్గర మామిడితోట. తోటకి ఒక పక్క పంటకాలువ, ఇంకో పక్క కోతకొచ్చిన చేలు. మధ్యలో పెద్ద ఉసిరిచెట్టు. బండి చేరేసరికి గుడివాడ వైపు నుంచి రైలు దిగినవాళ్ళు అప్పుడే వచ్చేసి ఉన్నారు. రావమ్మ, ఆవిడ పిల్లల మంద, చేతిలో రెండు గుమ్మడికాయలతో ఎల్లారావు.

"వదినా!" అని రావమ్మ అంత దూరం నుంచే కేక. "ఏం చిక్కిపోయావే! మా అన్నయ్య అన్నం పెట్టడం మానేశాడా?"

"నేను పెట్టేదేవిటే, ఆవిడ పెడితే నేను తినాలి గానీ," అన్నాడు సాంబమూర్తి.

"అయితే నువ్వెందుకలా ఊరావు?"

పిల్లలు బండి చుట్టూ మూగారు. వాళ్ళకి చుట్టాల కంటే పుల్లయ్య ముఖ్యం. వాడు ఒక్కొక్కణ్ణి ఎత్తి ఎద్దు మీద కూచోబెట్టి దించాలి. దించినవాణ్ణి మళ్ళీ ఎక్కించాలి. ఎడమవైపు ఎద్దు బుల్లోడు. తిండిపోతు. పిల్లలు మీద ఎక్కినా పట్టించుకోదు గానీ, చూపంతా చేను మీదే.

"బుల్లోణ్ణి గట్టిగా కట్టరా, నిరుడు కాపలావాడి చేత తిట్లు తిన్నాం," అన్నాడు సాంబమూర్తి.

"కట్టానయ్యగారూ. నా ముడి ఊడదండీ," అన్నాడు పుల్లయ్య.

మూడు రాళ్ళ పొయ్యిలు వెలిగాయి. రావమ్మ గుమ్మడికాయ తరుగుతూ ఊళ్ళో వాళ్ళందర్నీ కలిపి తరిగేసింది. చక్కెర రేషను కాబట్టి పరవాన్నానికి బెల్లమే. పెద్దపిల్లలు మామిడిచెట్లెక్కి కోతికొమ్మచ్చి ఆడుతున్నారు. చిన్నవాళ్ళు రాలిన ఉసిరికాయలు ఏరి, కొరికి, మొహాలు ముడిచి, నీళ్ళు తాగి, "తియ్యగా ఉన్నాయే!" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. కాలువలోకి దిగొద్దన్నారు కనక అందరి లాగూలూ తడిశాయి. చౌడేశ్వరమ్మ చెట్టు మొదట్లో కూచుని, తన ముందునుంచి పరిగెత్తిన ప్రతివాణ్ణీ కర్రతో ఆపి, "ఎవడివిరా నువ్వు?" అని అడిగి, చెప్పగానే, "పో," అంటోంది.

రాఘవమ్మకి నవ్వొచ్చింది ఒకసారి. తర్వాత గుడ్డ చుట్టవైపు చూసింది. నవ్వు పోయింది.

గంగారత్నం పక్కకి వచ్చి కూర కలుపుతోంది.

"అత్తయ్యా."

"ఊఁ."

"నేను వెళ్ళాల్సొస్తే... వాడికి రాత్రిళ్ళు చెవిపోటు వస్తుంది. వెల్లుల్లి కాచిన నూనె..."

"తెలుసు."

"తెలుసు, మీకు తెలుసు," అంది గంగారత్నం. కూర అడుగంటకుండా కలుపుతూనే ఉంది.

రాఘవమ్మ కోడలి చేతిలోంచి గరిటె తీసుకుంది. "పొగ. అవతలికెళ్ళు," అంది. పొగ నిజానికి అటువైపు పోవడం లేదు.

*

పొద్దు నడినెత్తికి వచ్చింది.

"పరవండే," అంది చౌడేశ్వరమ్మ.

పిల్లలకి ఆ మాట చాలు. చుట్టను ఎవరు దొర్లించాలని కొట్టుకుని, చివరికి అందరూ కలిసి తోశారు. గుడ్డ ఉసిరిచెట్టు నీడ దాటింది, మామిడిచెట్టు నీడ దాటింది, ఎండలోకి వెళ్ళింది, ఇంకో మామిడిచెట్టు కిందికి చేరి ఆగింది. కొస పోగులు గడ్డిమీద పడ్డాయి. ఎర్రంచు నలిగిపోకుండా రావమ్మ వంగి సరిచేసింది.

ఆ రోజు ఇంటి ఇల్లాలు ఒక్కతే వడ్డించాలి. మిగతా ఆడా మగా పిల్లా జెల్లా అంతా ఒకే బంతిని కూచోవాలి. వియ్యంకుడు అతిథి గనక ఎల్లారావుకి ఎదురుగా పీట వేశారు. పుల్లయ్య ఎప్పుడూ బండి కింద ఎడ్ల దగ్గర తింటాడు. ఈసారి పెద్దబ్బాయి వాడి పంచె పట్టుకుని వదల్లేదు. "పుల్లయ్య రాకపోతే నాకు బువ్వొద్దు" అని నేలమీద పడి దొర్లాడు. ఆ సందట్లో పిల్లలంతా కలిసి పుల్లయ్యని ఈడ్చుకెళ్ళి తమ మధ్య కూలేశారు. వాడు తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని, భుజాలు ముడుచుకుని, ఇద్దరు పిల్లల వెనక సగం కనపడకుండా కూచున్నాడు. పెద్దవాళ్ళెవరూ చూడలేదు. పెద్దవాళ్ళ చూపంతా రెండో కొసన ఉంది.

ఆ కొసన గంగారత్నం కూచుంది. ఆవిడ పక్కన ఒక చోటు ఖాళీ. ఆ తర్వాత పోగులు.

ఒక్కటే.

వడ్డించే మనిషికి ఒకటి ఉండాలి. సత్యానికి ఒకటి ఉండాలి.

రాఘవమ్మ ఒక్క క్షణం అక్కడే నిలబడి, పులిహోర గిన్నె ఎత్తుకుంది. మొదటి కొసనుంచి మొదలుపెట్టింది. అత్తగారికి, భర్తకి, రావమ్మకి. సాంబమూర్తి ఆకులోకే చూస్తున్నాడు. రావమ్మ నోరు మొదటిసారి మూతపడింది. రాఘవమ్మ పిల్లల దగ్గరికొచ్చింది. ఆకులు కనిపిస్తున్నాయి, చేతులు కనిపిస్తున్నాయి. మొహాలు కనపడడం లేదు. పులిహోర, కూర, పప్పు, పచ్చడి. ఆకు కనపడితే వడ్డించింది. పరవాన్నం అడిగినవాడికి అడిగినంత పోసింది. గంగారత్నం ఆకులో నెయ్యి వేస్తే, ఆ పిల్ల తలెత్తి చూసింది. 

మజ్జిగ కూడా అయింది.

ఎల్లారావు గొంతు సవరించుకున్నాడు. "వదినగారూ, మీరూ కూచోండి."

"ఆకలి లేదండీ."

"అదేం మాటే?" అంది చౌడేశ్వరమ్మ. "వడ్డించినమ్మ కూచుని ఒక ముద్ద తినందే బంతి లేవకూడదు. కూచో."

రాఘవమ్మ కదల్లేదు. మజ్జిగ కుండ చంకన పెట్టుకుని, ఖాళీ చోటు ముందు నిలబడింది. తను కూచుంటే అది తనది. తను కూచోనంతసేపూ అది వాడిది. ఆ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా ఆ వరసలో తెలియని పెద్దవాళ్ళు లేరు.

"అమ్మమ్మా, లేవచ్చా?" అని రావమ్మ పిల్లల్లో ఒకడు.

"నోర్మూసుకోరా," అంది రావమ్మ, మెల్లగా.

"చెయ్యి ఎండిపోతోందే!"

"నాకుతూ ఉండు."

ఆకుల మీద ఈగలు వాలుతున్నాయి. ఎవరూ లేవరు. ఆవిడ కూచోదు. సాంబమూర్తి, "రాఘవా," అన్నాడు. 

"నేను నిలబడే తింటాను," అంది రాఘవమ్మ. "వచ్చే ఏడు కూచుంటాను."

అప్పుడు ఫట్‌మని చప్పుడైంది. బుల్లోడు తాడు తెంపుకుంది. అందరి చేతులూ ఎంగిలితో ఉన్న సమయం చూసి, తలెగరేసుకుంటూ, పెళ్ళికి పోతున్నట్టు చేనువైపు బయల్దేరింది.

"ఓరి నీ యమ్మ కడుపు కాలా!" అని పిల్లల మధ్యలోంచి పుల్లయ్య లేచాడు. ఎంగిలి చేత్తోనే, పంచె ఎగ్గట్టి, గెంతుకుంటూ పరిగెత్తాడు.

"పుల్లయ్య లేచాడు! బంతిలోంచి పుల్లయ్య లేచాడు!" అని పిల్లలు చప్పట్లు. "ముడి ఊడదన్నావుగా పుల్లయ్యా!"

"ముడి ఊడలేదు! తాడు తెగింది!" అని చేలోంచి జవాబు.

అందరూ అటు తిరిగారు. అటునుంచి, వాడు లేచిన చోటికి చూపు తిరిగింది. పిల్లలకీ పిల్లలకీ మధ్య, ఎర్రంచు మధ్యన, తెల్లటి గుడ్డ. ఒక మనిషి కూచునేంత.

ముందు చౌడేశ్వరమ్మ నవ్వింది. బోసినోరు తెరిచి, కర్ర నేలకేసి కొట్టి నవ్వింది. ఆవిడకి అంత దూరం కనపడదు. ఎలా తెలిసిందో మరి.

"వాడు పుల్లయ్యే పిచ్చిమొహాల్లారా! పుల్లయ్యకి ముడి ఎవరేశారు? వేయని ముడికి చోటెక్కణ్ణుంచొస్తుంది? వాడు కూచున్నది మన సత్యం చోట్లో!"

రావమ్మ ఏడ్చేసింది. ఏడుస్తూనే, "చూశావా వదినా, ఎదురుగా ఉన్నవాణ్ణి లెక్కలోకి తీసుకోలేదు మనం," అంది.

"పులిహోర వేశాను వాడికి," అంది రాఘవమ్మ. "రెండుసార్లు వేశాను. చూళ్ళేదు."

ఆవిడ గంగారత్నం పక్కన గుడ్డ మీద కూలబడింది. మజ్జిగ కుండ ఒళ్ళో ఒలికింది. కోడలు ఆవిడ భుజం మీద తల పెట్టింది. అత్తాకోడళ్ళిద్దరూ మజ్జిగలో తడిసిపోతూ అలాగే ఉండిపోయారు.

పుల్లయ్య ఎద్దుని ముకుతాడు పట్టి ఈడ్చుకొచ్చాడు. వరసంతా తనవైపు చూస్తుంటే ఆగిపోయాడు.

"తప్పయిపోయిందమ్మగారూ. చినబాబు వదల్లేదండి. బండి కిందికి పోతానండి. నా ఆకు..."

"ఎన్నేళ్ళైందిరా నువ్వొచ్చి?" అని అడిగింది రాఘవమ్మ.

"గుర్తులేదండి. సత్యం బాబుని ఎద్దు మీద ఎక్కించేవాణ్ణండి. ఈ పిల్లల్లాగే."

"నీకెవరున్నారు?"

పుల్లయ్య ఆలోచించాడు. "బుల్లోడండి," అన్నాడు.

"ముడెయ్యవే," అంది చౌడేశ్వరమ్మ. "ఇన్నాళ్ళూ ఎందుకెయ్యలేదో నన్నడగకు. నాకూ తట్టలేదు."

రాఘవమ్మ కొస పోగులు చేతిలోకి తీసుకుంది. మజ్జిగ చేత్తోనే రెండు పోగులు విడదీసి, మెలిపెట్టి, ముడివేసింది. గుడ్డ గడ్డిమీద కాస్త జరిగింది. పాము కదిలినట్టు కాదు. నిద్రలో పిల్లలు కాళ్ళు చాపుకున్నట్టు. ఆవిడ పక్కన ఒక చోటు వచ్చింది.

"ఇక్కడ కూచో. ఆ చోటు వాడిది," అంది.

పుల్లయ్య ఎద్దుని చెట్టుకి రెండు తాళ్ళతో కట్టి వచ్చి, తన ఆకు తెచ్చుకుని, గుడ్డ అంచుని చేత్తో ఒకసారి తడిమి, కూచున్నాడు. చాలాసేపు ఆకు ముట్టలేదు.

"తినరా," అన్నాడు సాంబమూర్తి. "నువ్వు తింటే గానీ మేం లేవకూడదిప్పుడు."

"తినవయ్యా బాబూ, మా చేతులు కొయ్యలైపోయాయి!" అని పిల్లలు.

వాడు తిన్నాడు. రాఘవమ్మ కూడా ఒక ముద్ద తిని, "లేవండి," అంది. పిచ్చుకల గుంపు లేచినట్టు లేచారు పిల్లలు.

*

ఎండ తగ్గింది. గిన్నెలు కాలువలో తోమారు. గుడ్డ దులిపి, చుట్టి, బండిలో పెట్టారు. రైలుకి వేళైందని రావమ్మ తన మందని పోగుచేసుకుంటోంది. ఒకడు తక్కువయ్యాడు. చెట్టు మీద దొరికాడు.

ఎల్లారావు బండిలోంచి దించిన రేకు పెట్టె దగ్గర నిలబడ్డాడు. వంగి దాన్ని ఎత్తుకున్నాడు. గంగారత్నం తండ్రివైపు చూసింది. ఆయన పెట్టెను పట్టుకెళ్ళి పుల్లయ్య బండిలో, గడ్డి మీద, బంతిగుడ్డ పక్కన పెట్టాడు. కదలకుండా తాడు కూడా వేశాడు.

"బరువుగా ఉందమ్మా," అన్నాడు. "ఇంటికెళ్ళగానే విప్పేసుకో."

అని, కండువాతో మొహం తుడుచుకుని, రావమ్మ పిల్లల్లో ఒకణ్ణి భుజానికెత్తుకుని స్టేషను వైపు నడిచాడు.

ఇక ఆకు మిగిలింది. గుడ్డ చుట్టకముందే పుల్లయ్య లేచిన చోట కొత్త ఆకు వేసి, సత్యానికని అన్నీ వడ్డించి, తీసి చెట్టు కింద పెట్టి ఉంచారు. రాఘవమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకెళ్ళి బుల్లోడి ముందు పెట్టింది. ఆ దొంగ ఎద్దు పరవాన్నంతో మొదలుపెట్టింది.

పెద్దబ్బాయి నాయనమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని చూస్తున్నాడు. 

"నాయనమ్మా, నాన్న బువ్వంతా బుల్లోడు తినేస్తన్నాడు!"

"తిననీరా," అంది రాఘవమ్మ. "మీ నాన్నకి వేడివేడిగా వండి పెడతాను."